ఆగమన్న మనిషి

అక్క పిలిపించిన అంబులెన్సును ఎవరో వెనక్కి పంపేశారు.

వార్డులో తమ్ముడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. లారీ నడిపే మనిషి. గుండెలో కవాటం మార్చినప్పటి నుంచి రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నాడు. నడుం నొప్పికి తనంతట తనే ఇంకేవో మాత్రలు కలిపి మింగాడు.

పేగు గోడలోకి రక్తం దిగి గడ్డకట్టిందని, లోపలి దారి మూసుకుపోయిందని నిన్ననే డాక్టరమ్మ చెప్పింది. ఆ మాత్రలు ఆపి, విరుగుడు మందిచ్చి, ముక్కులోంచి గొట్టం వేసి, ప్లాస్మా ఎక్కిస్తున్నారు. ఇప్పుడు కోస్తే రక్తం ఆగదనీ, ఓపిక పడితే గడ్డ దానంతటదే కరుగుతుందనీ నచ్చజెప్పింది.

అక్కకు కాలు నిలవలేదు. చూస్తూ కూర్చోవడం కూడా వైద్యమేనా? కోస్తామన్న ఇంకో ఆస్పత్రికి తీసుకుపోదామని బండి పిలిపించింది.

దాన్ని పంపేసింది వరండా బల్ల మీద రోజూ కూర్చునే పెద్దాయన. ఎవరి తాలూకో ఎవరికీ తెలియదు. నిన్న డాక్టరమ్మ చెప్పింది విన్నాడో ఏమో, పొద్దుటి నుంచీ ఆగమని ఒకటే పోరు.

"మా సంగతి మీకెందుకండీ? మీరు డాక్టరా?"

"కాదమ్మా."

"మరి?"

ఆయన చేతులు జోడించాడు. "ఈ ఒక్క పూట ఆగు తల్లీ. కావాలంటే నన్ను తిట్టు" అన్నాడు.

అక్క తిట్టనే తిట్టింది. సెక్యూరిటీతో చెప్పి గేటు బయటికి పంపించేసింది కూడా.

ఫోన్లు చేస్తూ గుమ్మానికీ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉంది. ఇంకో బండి దొరికేసరికి సాయంత్రమైంది. అప్పటికి తమ్ముడు మూలగడం మానేసి కళ్ళు తెరిచాడు.

"దాహంగా ఉందక్కా" అన్నాడు.

ఆ బండిని ఆమే పంపేసింది.

నాలుగు రోజుల తర్వాత ముక్కులోని గొట్టం తీశారు. జావ తాగి, ఇంకాస్త పొయ్యమన్నాడు. మోతాదు తగ్గించి పాత మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు.

అక్క వరండాలోకి వెళ్ళింది. బల్ల ఖాళీ. సెక్యూరిటీని అడిగితే, మీరే కదమ్మా రానివ్వొద్దన్నారు, మర్నాడొస్తే తిప్పి పంపేశాను, ఇక రాలేదు అన్నాడు.

ఆయనెవరని డాక్టరమ్మను అడిగింది.

డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూసి అంది.

"ఇదే జబ్బుతో ఉన్న కొడుకుని, మేం ఆగమన్నా ఆగకుండా కోయించడానికి తీసుకెళ్ళి పోగొట్టుకున్న తండ్రమ్మా."