రజ్వా వాకిట్లో ద్రాక్షపందిరి

ఆలివ్ తోపులో డేగలు ఒక స్తంభం పాతి, దానిమీద రెప్ప వేయని కన్నొకటి పెట్టాయి. అది సరిగ్గా రజ్వా అనే కౌజుపిట్ట వాకిట్లోకే చూసేది. అప్పట్నుంచీ రజ్వా సొంతింట్లో కూడా రెక్కలు బిగించుకునే తిరిగేది. మట్టిస్నానం మానేసింది. పిల్లల్ని గట్టిగా నవ్వనిచ్చేది కాదు.

ఓ రోజు ధైర్యం చేసి ఓ డేగనే అడిగింది. "అయ్యా, ఆ కన్ను కాస్త అటు తిప్పించండి."

"దాచేదేమీ లేకపోతే నీకేం భయం?"

"దాచేదేమీ లేదయ్యా. స్నానం చేసుకోవాలి, అంతే."

డేగ వినిపించుకోలేదు.

పొరుగింటి తాబేలమ్మ తన ద్రాక్షతీగ నుంచి ఓ కొమ్మ కొరికి తెచ్చింది. "నాటుకో తల్లీ. మన అమ్మమ్మలు ఎండ పడకుండా వాకిట్లో పందిరెక్కించేవాళ్లు. ఈ కంటికీ అదే మందు."

రజ్వా నీళ్లు పోసి పెంచింది. ఇరుగుపొరుగు పిట్టలు పుల్లలు తెచ్చి పందిరి వేశాయి. రెండో వేసవికి ఆకులు వాకిలంతా కమ్మేశాయి.

"ఏం కనిపిస్తోంది?" అని డేగ ఆ కన్నును అడిగింది.

"ఆకులు."

"వాటి కింద?"

"తెలీదు. ఎవరో నవ్వుతున్నారు."

ఆకుల కింద రజ్వా రెక్కలు వదులుగా చాపి, పిల్లలతో కలిసి మట్టిలో పొర్లుతోంది. ద్రాక్షకొమ్మ అడుగుదామని వచ్చిన పావురం, "లోపలికి రావచ్చా వదినా?" అని పిలిచి, గుమ్మం బయటే ఆగింది.