రాగి టోపీ

మ్యూజియం నుంచి వచ్చిన అమ్మాయి సంచీలోంచి నోటుపుస్తకం తీయకముందే ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

నలభై ఏళ్ళుగా ఆయన నోట నలుగుతున్న కథ అది. రేవులో దాన్ని విననివాడెవడైనా ఉంటే వాడు నిన్ననే ఊళ్ళో దిగి ఉండాలి. మునిగిపోయిన ఓడ. కెప్టెన్ గదిలో కాగితాల పెట్టె. తలకు గాలిగొట్టమున్న రాగి టోపీ బిగించుకుని, సీసం బూట్లు తొడుక్కుని దిగి, ఆ పెట్టెను పైకి తెచ్చిన ఒకే ఒక్క మనిషి. ఆ తర్వాత అంత లోతుకు దిగే ధైర్యం ఎవరూ చేయలేదు కాబట్టి ముసలాయన ఎలా చెప్పినా చెల్లిపోయింది.

ఇప్పుడొచ్చింది చిక్కు. మనిషి నీళ్ళలోకి దిగిన చరిత్రకంతా కలిపి మ్యూజియంలో ఒక హాలు కడుతున్నారు. రాయి కట్టుకుని ఊపిరి బిగబట్టి దూకినవాళ్ళ దగ్గర్నుంచి వీపున సిలిండర్లు మోసేవాళ్ళ దాకా అందులో ఉంటారు. రాగి టోపీల కాలానికి మాత్రం ఒకటే అద్దాల బీరువా. ఈమధ్య కెమెరా యంత్రాన్ని ఆ ఓడలోకి పంపి వీడియో తీశారట. ఇంట్లో చెప్పే కథ వీడియోతో సరిపోతే అటక మీది టోపీ బీరువాలోకి ఎక్కుతుంది, కింద పేరు పడుతుంది. తేడా వస్తే బీరువా పక్క రేవు వాళ్ళకి పోతుంది.

అది తెలిసిన దగ్గర్నుంచి ముసలాయనకు అన్నం సయించలేదు. ఇన్నేళ్ళ మాట నీళ్ళపాలైతే రేవులోకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? కూతురు ధైర్యం చెప్పడానికని ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. భార్య వెల్లుల్లి పళ్ళెం ముందేసుకుని, ఎడమచెవి సరిగా వినపడదు కనుక కుడిచెవి ఇటు తిప్పి కూర్చుంది.

ఆ రోజు ఎలా మొదలైందో చెప్పమంది మ్యూజియం అమ్మాయి.

ముసలాయన అందుకున్నాడు. ఎండ ఎటునుంచి కొట్టిందో, గాలి ఎప్పుడు తిరిగిందో, పడవలో గాలిపంపు తిప్పుతూ తన బావమరుదులిద్దరూ దేనికి పోట్లాడుకున్నారో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇద్దరూ ఇప్పుడు లేరని నిట్టూర్చాడు. అప్పటికి వారంగా తనకు విపరీతమైన జలుబనీ, రెండు చెవులూ మూసుకుపోయాయనీ, అయినా ఒప్పుకున్న పని ఆగలేదనీ గొప్పగా చెప్పాడు.

ఆ అమ్మాయి ‘జలుబు’ అని రాసుకుని కింద గీత గీసింది.

"సరే తాతగారూ, ఓడలోకి వెళ్ళాక?"

"వెళ్ళాక..." ముసలాయన కాస్త ఆలోచించాడు. "చుట్టూ నీళ్ళు."

కూతురు నేలచూపులు చూసింది.

కెప్టెన్ గది మెట్లు దిగ్గానే కుడివైపు అన్నాడాయన.

"ఎడమవైపు," అంది పెద్దావిడ తల ఎత్తకుండానే. "ఓడ కుడికి ఒరిగిపోయింది. అటు గోడంతా ఇసకలో కూరుకుపోయింది. మీరే చెప్పారు కదండీ."

అవునవును, ఎడమే అన్నాడు. గదిలో గోడకు పెద్ద గడియారం ఉందన్నాడు. గడియారం కాదు, నిలువుటద్దమని ఆవిడ సర్దింది. దీపం వెలుగులో అందులోంచి ఎవరో రాగి టోపీ మనిషి ఎదురొస్తుంటే, పోనీలే పాపమని పక్కకు జరిగి దారి ఇచ్చారట. ఆ మనిషీ అటే జరిగిందట. అలా రెండుసార్లయ్యాక గాని సంగతి తెలియలేదట. చెబుతూ చెబుతూ తనే పగలబడి నవ్వింది.

కూతురికి ఒళ్ళు మండింది. "అమ్మా, కాసేపు ఊరుకో. పరీక్ష నాన్నకి, నీకు కాదు."

నలభై ఏళ్ళుగా ఇదే కథతో కాపురం చేస్తున్నానని గొణిగి, ఆవిడ మూతి బిగించి వెల్లుల్లి ఒలుచుకుంది. పెళ్ళయిన ఏ మగవాడి కథకైనా ఇదే గతి. చెప్పేది ఒకరు, దిద్దేది ఒకరు.

పెట్టె గదిలో ఎక్కడ దొరికిందని మ్యూజియం అమ్మాయి అడిగింది. ముసలాయన భార్య వైపు చూశాడు. భార్య కూతురి వైపు చూసి ఊరుకుంది. చివరికి ఆయనే పెట్టె ఎక్కడ ఉండాలో అక్కడే ఉందన్నాడు.

ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టింది. బీరువా పక్క రేవుకు పోయినట్టేనని అందరికీ అర్థమైంది.

"నాకు అవన్నీ గుర్తులేవమ్మా," అన్నాడు ముసలాయన. "ఒకటే గుర్తు. తాడు ఒకసారి లాగితే బాగున్నట్టు. నాలుగుసార్లు లాగితే పైకి తీయమని. తొమ్మిది నిమిషాలు తాడు కదల్లేదు. అన్ని నిమిషాలూ నేను మొక్కని దేవుడు లేడు. ఆ తర్వాత నాలుగుసార్లు కదిలింది. అప్పుడొచ్చింది నాకు ఊపిరి."

ఆయన చాచిన అరచేతుల్లో ఏటవాలుగా పాత మచ్చలున్నాయి. మ్యూజియం అమ్మాయి వాటినే చాలాసేపు చూసింది. ఈ ముక్క ఇంతవరకు తమకెప్పుడూ చెప్పలేదేమని కూతురు ఆశ్చర్యపోయింది.

పెద్దావిడ పళ్ళెం పక్కకు తోసి, కొంగుతో ఆయన కళ్ళు తుడిచింది. "ఊరుకోండి. పెట్టె బల్ల కింద ఇరుక్కుపోయింది. ఊడి రావడానికే అంతసేపు పట్టింది."

వీడియోలో ఎడమవైపు గది, నిలువుటద్దం, బల్ల, అన్నీ సరిగ్గా అలాగే ఉన్నాయని మ్యూజియం అమ్మాయి చెప్పింది. బీరువా ఈ ఇంటిదేనంది. కూతురు తండ్రిని కావలించుకుంది. ముసలాయన మళ్ళీ మీసం దువ్వుకున్నాడు.

బోర్డు మీద ఏం రాయాలో నింపే కాగితం బయటికి వచ్చింది. ‘నీళ్ళలో దిగినవారు’ అని పైన ఒక గడి, ‘పడవలో తాడు పట్టినవారు’ అని కింద ఒక గడి.

ఆ అమ్మాయి ఎవరినీ అడక్కుండా ముసలాయన పేరు కింది గడిలో రాసేసి, పెన్ను పై గడి మీద ఆనించి, "మీ పేరు చెప్పండమ్మా," అంది పెద్దావిడతో.