అప్పుడే తీసిన రక్తం

ఎన్నిసార్లు మూసినా ఆ ఫ్రిజ్ తలుపు తెరుచుకునే ఉంటోంది. జులేఖా దాన్ని కాలితో తన్ని మూసి, తిట్టుకుంటూ రక్తం పరీక్షించే మిషన్ దగ్గరికొచ్చింది. తెల్లారితే పరుగుపందెం. ఈలోగా రిపోర్టు కావాలని కోచ్ ఫోన్లు చేసి ప్రాణం తీస్తున్నాడు. గిద్దలూరంతా పడుకుంది. ల్యాబ్‌లో తనూ, పందెంపిల్ల నాగవేణీ, అంతే.

రిపోర్టు మళ్ళీ అదే. పందెం గెలవాలని ఫ్రిజ్‌లో దాచిన రక్తం ఎక్కించుకుంటే ఒళ్ళు సొంత రక్తం చేసుకోవడం తగ్గిస్తుంది. కొత్త కణాలు తగ్గితే దొంగాట బయటపడుతుంది. కానీ ఈ పిల్లకు తగ్గడం కాదు, ఒక్క కొత్త కణమూ లేదు. బతికున్న మనిషికి అట్ల ఉండదు.

"పాడు మిషన్! చెయ్యి చాపు పాపా, ఇంకోసారి తీస్తా."

నాగవేణి నవ్వుతూ చాపింది. అప్పుడే తీసిన రక్తం, ట్యూబు పట్టుకుంటే గోరువెచ్చగా తగలాలి. ఇది మంచుగడ్డలా ఉంది.

"ఎవురి రక్తం ఎక్కించినారే నీకు? ఎంత ఎక్కించినారు?" ట్యూబును మిషన్‌లో పెడుతూ గద్దించింది.

తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. దాని ముందర నాగవేణి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"మాటిమాటికీ మూస్తావేందక్కా?" అంది విసుగ్గా. "బయటుంటే చెడిపోతా."