ఓటిస్‌తో ఎవరూ మాట్లాడలేదు

బెంచీకి ఆ చివర ఓటిస్ ప్రూయిట్ ఒక్కడే కూర్చున్నాడు. అతనికీ తక్కిన జట్టుకీ మధ్య ఆరుగురు పట్టేంత ఖాళీ.

కోపంతో కాదు. భయభక్తులతో.

ఆరు ఇన్నింగ్స్ అయ్యాయి. ఓటిస్ విసిరిన బంతుల మీద అవతలి జట్టు ఇంతవరకు అవుట్ కాకుండా ఒక్క హిట్ కూడా కొట్టలేకపోయింది. మొత్తం తొమ్మిదీ ఇలాగే గడిస్తే బేస్‌బాల్ ఆట ఉన్నన్నాళ్లూ అతని పేరు ఉంటుంది.

అలాంటి రోజున బంతి విసిరే ఆ పిచర్‌తో ఎవరూ మాట్లాడరు. పక్కన కూర్చోరు, కళ్లలోకి చూడరు. నోరు జారారో, దిష్టి తగిలినట్టే.

కోట్లు గడించిన మొనగాళ్లు కూడా ఈ ఒక్క విషయంలో పసిపిల్లలే.

సెప్టెంబరు నెల, బుధవారం మధ్యాహ్నం. ఒహాయో ఎండ ఖాళీ కుర్చీల మీద కాస్తోంది. పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు ఆట చూడ్డానికి పని మానుకుని ఎవరొస్తారు?

ఓటిస్ ఈ సీజనంతా ఇలాగే విసిరాడు. అతను పరుగులివ్వడు, అతని జట్టు పరుగులు చెయ్యదు. ఓడిపోతారు. మర్నాడు పేపర్లో గెలిచినవాళ్ల ఫొటోలు. అడవిగాచిన వెన్నెల బతుకు.

చూసినవాడు ఒక్కడున్నాడు. క్యాచర్ నెస్టర్ బర్రగాన్. ఇద్దరూ చిన్న ఊళ్ల జట్లలో బస్సులెక్కి తిరిగిన రోజుల నుంచీ, తొమ్మిదేళ్లుగా ఓటిస్ బంతులు పడుతున్నవాడు.

ఇవాళ ఆరో ఇన్నింగ్స్‌లో నెస్టర్ గ్లవ్‌లో పడ్డ బంతి మునుపటిలా చప్పుడు చెయ్యలేదు.

వేగం తగ్గింది. బంతికీ బంతికీ మధ్య ఓటిస్ కుడిచెయ్యి తొడ వెనక దాచుకుని వేళ్లు విదిలించుకుంటున్నాడు.

మోచెయ్యి. వీణ్ణి ఇక్కడితో ఆపాలి అనుకున్నాడు నెస్టర్.

క్యాచర్ ఎప్పుడైనా లేచి పిచర్ దగ్గరికి నడిచి వెళ్లొచ్చు. రోజూ వెళ్తాడు. ఇవాళ వెళ్లలేదు.

"ఒరే, వాడు లేచాడు," అన్నాడు ఇప్పుడు బెంచీ మీద నెస్టర్ పక్కన కూర్చున్న తోటి ఆటగాడు మలోనీ, పెదవులు కదపకుండా. "ఇటే వస్తున్నాడు. చూడకు."

"చూడ్డం లేదు."

"నువ్వు గనక ఏమైనా వాగావో, నిన్ను నీ ప్యాడ్లతో సహా నదిలో పడేస్తా."

"నోర్ముయ్ రా."

ఓటిస్ వచ్చి నెస్టర్ ముందు నిలబడ్డాడు.

"నెస్టర్. ఒక్క మాట."

నెస్టర్ వంగి మోకాలి ప్యాడ్ పట్టీ సర్దుకున్నాడు. అది సరిగ్గానే ఉంది.

"ఒరే, నిన్నే."

నెస్టర్ లేచి మంచినీళ్ల వైపు నడిచాడు. వెనక ఎవరో మెచ్చుకోలుగా గొంతు సవరించుకున్నారు. దెబ్బలు చూడాల్సిన ఫిజియో కూడా తువ్వాలు మడతపెట్టుకుంటూ తల దించుకున్నాడు.

ఓటిస్ తన మూలకు తిరిగి వెళ్లాడు. వెళ్తూ చిన్నగా నవ్వాడు. ఆచారం అందరూ పాటిస్తున్నందుకు మురిసిపోయి ఉంటాడని నెస్టర్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఏడో ఇన్నింగ్స్ గడిచింది. హిట్ లేదు.

ఎనిమిదిలో ఇద్దరు అవుటయ్యారు. ఆ తర్వాత ఓటిస్ విసిరిన బంతి నెస్టర్ దాకా రాలేదు. మధ్యలోనే నేలకు తగిలి పక్కకు దొర్లింది.

ఓటిస్ మోకాళ్ల మీద ఉన్నాడు. కుడిచేతిని ఎడమచేత్తో పొదివి పట్టుకున్నాడు.

ఫిజియో పరుగెత్తాడు, మేనేజర్ పరుగెత్తాడు, మలోనీ పరుగెత్తాడు. ఇప్పుడు అందరూ అతనితో మాట్లాడుతున్నారు.

అతని స్థానంలో దిగినవాడి రెండో బంతిని అవతలి బ్యాటర్ గోడ దాటించాడు. ఆట ఒకటి-సున్నాతో పోయింది. ఉన్న నలుగురు విలేకరులూ ఆ కొట్టినవాడి చుట్టూ మూగారు.

నెస్టర్ ప్యాడ్లు విప్పకుండానే ఫిజియో గదికి వెళ్లాడు. ఓటిస్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మోచేతికి ఐసు సంచులు కట్టారు.

"రా. ఇప్పుడు మాట్లాడొచ్చులే. హిట్ పడిపోయిందిగా."

"ఏమన్నారు?"

"లోపల లిగమెంట్ తెగిందట. కోసి కుట్టి, మళ్లీ బంతి పట్టాలంటే ఏడాదిన్నర. నాకిప్పుడు ముప్ఫై మూడు. ఎవరు పిలుస్తార్రా నన్ను?"

నెస్టర్‌కు ఏడుపు రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇందాక ఏం చెప్పబోయావు?"

"చెప్పడానికి కాదు. అడగడానికి వచ్చా."

"ఏమని?"

"అప్పటికే చెయ్యి లాగేస్తోంది. మేనేజర్‌కి చెబితే తీసేస్తాడు. నాకేమో ఆట వదిలి రాబుద్ధి కాలేదు. నా బంతి సంగతి నాకంటే నీకే బాగా తెలుసు కదా. ఆపెయ్యరా అని నువ్వంటే ఆపేద్దామనుకున్నా."

ఐసు కరిగి నేల మీద చుక్కలు పడుతున్నాయి.

"ఏమనేవాడివి?" అన్నాడు ఓటిస్. ఊరికే అడగలేదు. కళ్లెత్తి చూస్తున్నాడు.

ఆపెయ్యమనే జవాబు ఆరో ఇన్నింగ్స్ నుంచీ నెస్టర్ నాలుక చివరే ఉంది.

"వెయ్యమనేవాణ్ణి," అన్నాడు.

ఓటిస్ గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు.

"నాకు తెలుసు," అని, ఎడమచెయ్యి చాపి నెస్టర్ భుజం తట్టాడు.