మట్టిబుర్ర ప్రశ్నలు

“మేకుతో గీస్తే గీత పడిందా? పడితే అది పలుగురాయి కాదు. నిమ్మరసం చుక్క వేసి, నురగ వస్తుందేమో చూడండి.”

జవాబు టైపు చేసి ఆమె అన్నం డబ్బా మూత తీసింది. కట్టడాలకు వాడే రాళ్ళను పరీక్షించే లాబ్‌లో ఆమె ఉద్యోగం. మధ్యాహ్నం దొరికే అరగంటలో, దొరికిన రాయి ఏమిటో తెలియక ఫోటోలు పెట్టే కొత్తవాళ్ళకు ఆన్‌లైన్‌లో సాయం చేస్తుంది. అక్కడ ఆమెకు పేరు లేదు, ఫోటో లేదు. అందరూ ‘రాళ్ళక్క’ అంటారు.

“ఇవాళ ఎవరమ్మా?” రాళ్ళు పిండి చేసే మిషన్ ఆపి వచ్చాడు బాబాయ్. వరసకేం కాదు, లాబ్‌లో అందరికీ ఆయన బాబాయే.

“మట్టిబుర్ర. పేరే అలా పెట్టుకున్నారు. నెల నుంచి రోజుకో రాయి. ‘రాయి’ అని రాయడం కూడా రాదు పాపం, ‘రయి’ అంటారు.”

ఫోన్ మోగింది. ‘పొంగిన్ది పొంగిన్ది’ అని సంబరంగా వచ్చింది జవాబు. ‘అయితే సున్నపురాయి’ అని రాసింది ఆమె. వెంటనే, రోజూ అడిగే మాటే: ‘అన్నం తిన్నర’. దాని కిందే ఇంకోటి: ‘ఇలంటి రయి మీ ఊర్లో ఉంటద’.

ఆమె ఫోన్ బాబాయ్‌కి చూపించింది.

“ఊరి సంగతి మాత్రం చెప్పకు తల్లీ,” అన్నాడు బాబాయ్. ఆమె కథ తెలిసింది ఆయనొక్కడికే.

రెండేళ్ళ క్రితం కట్టుబట్టలతో ఇల్లు దాటింది. భర్త విరిచిన మణికట్టు ముసురు పడితే ఇప్పటికీ సలుపుతుంది. పుట్టింటికి ఒక్క ఫోన్ కూడా చేయలేదు. తనెక్కడుందో అమ్మకు తెలిస్తే, అమ్మ గొంతు మీద కాలేసైనా కక్కిస్తాడతను. ఉత్తరం రాద్దామన్నా అమ్మ వేలిముద్ర మనిషి. పక్కింటివాళ్ళ చేత చదివించుకోవాలి. ఆ మాట అతని చెవిన పడడం ఎంతసేపు?

మర్నాడు నలుపూ తెలుపూ చారల రాయి ఫోటో వచ్చింది. ‘దినిని పిల్లిరయి అంటర?’

ఆమె ముద్ద డబ్బాలో వదిలేసి ఫోన్ దగ్గరికి లాక్కుంది. పిల్లిరాయి అన్న మాట ఏ పుస్తకంలోనూ లేదు. చారల రాళ్ళకు చిన్నప్పుడు తను పెట్టుకున్న ముద్దుపేరు అది. పెళ్ళయిన కొత్తలో అతనికి చెబితే పగలబడి నవ్వాడు.

“వాడే బాబాయ్! కనిపెట్టేశాడు.”

“తొందరపడకు. వాడికి చదువొచ్చుగా?”

“గుమాస్తా ఉద్యోగం చేసేవాడికి అక్షరాలు రాకపోవడమేంటి! నాకు అనుమానం రాకూడదని తప్పులు రాస్తున్నాడు.”

“పోలీసులకు చెబుదాం పద.”

“పోయినసారి చెప్పాను. బుద్ధిగా కాపురం చేసుకోమని వాడితోనే పంపారు.”

మళ్ళీ మోగింది ఫోన్. ‘ఒక్కసరి కలవల. ఎక్కడికి రమ్మంటె అక్కడికి వస్తను.’

బాబాయ్ మిషన్ దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, ఆమె తనిప్పుడు ఉంటున్న ఊరి పేరు రాసింది. ‘గుట్ట వెనక మూతపడ్డ క్వారీ ఉంది. ఆదివారం పొద్దున రండి. పై అంచు మీద నిలబడితే పిల్లిరాళ్ళు బాగా కనిపిస్తాయి.’

అక్కడ చారల రాయి ఒక్కటి కూడా లేదు. అంచంతా పలకరాయి. తడిస్తే పొరలు పొరలుగా ఊడొస్తుంది. పోయిన నెలలో తనే పరీక్షించి, మనుషులు ఎక్కరాదని రాసి సంతకం పెట్టింది. వారం నుంచి వాన విడవడం లేదు.

తెలిసే రాసింది.

‘వస్తను. నువు జాగర్త’ అని వచ్చింది. పళ్ళు నూరుతూ అన్నట్టే వినిపించింది ఆమెకు.

సోమవారం లాబ్‌కి కానిస్టేబుల్ వచ్చి, రాతి ముక్కల సంచి బల్ల మీద పెట్టాడు.

“నిన్న క్వారీలో ఎవరో పడి చచ్చిపోయారమ్మా. అంచు దానంతటదే విరిగిందా, ఎవరైనా తోశారా తేలడం లేదు. రాయి చూసి మీరు చెప్పాలట.”

ఆమె ఓ ముక్క తీసి వేళ్ళతో నలిపింది. పెళుసుగా విడిపోయింది.

“దానంతటదే విరిగింది.” రెండేళ్ళుగా గుండెల మీదున్న బండ దిగినట్టయింది.

“ఈ ఊరి మనిషి కాదు. గుర్తుపట్టేవాళ్ళు కూడా లేరు. మీరేమైనా చూసి ఉంటారా?” కానిస్టేబుల్ ఫోన్ తీశాడు.

“చూడొద్దమ్మా,” అన్నాడు బాబాయ్ నెమ్మదిగా.

“చూస్తాను బాబాయ్.” కళ్ళారా చూస్తే గానీ ఆమెకు ఇకమీద నిద్ర పట్టదు.

కానిస్టేబుల్ ఫోన్ ఆమె వైపు తిప్పాడు.

ఫోటోలో ఉన్నది అమ్మ.