ఆగి ఆగి నడక

"ఆపరేషన్ వద్దన్నరు" అని ఆసుపత్రి మెట్ల మీది నుంచే ఫోన్ చేశాడు వేణు. "నేను, నాన్న ఇప్పుడే బయటికొచ్చినం."

ప్రియాంక వంటింట్లోనే గిర్రున తిరిగింది. పెళ్ళయి మూడు నెలలు. ఈ కొత్త కాపురానికి ఇంతకంటే పెద్ద శుభవార్త రాలేదు. కాలి రక్తనాళం సన్నబడిందట, కానీ మందులతో, నడకతో దారికొస్తుందట. చాలు. సేమ్యా పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టేసింది.

"ఇంకేమన్నారు?"

"నొప్పొస్తే ఆగాల్నట. తగ్గినంక మళ్ళ నడవాల్నట. పొగ మాత్రం బందు. ముట్టుకుంటే కాలు దక్కదన్నరు."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

ఇంటికి రాగానే మామగారు బాలనర్సయ్య జేబులోని బీడీ కట్ట తీసి చెత్తబుట్టలో పడేశాడు. మియాపూర్ బస్ డిపోలో మెకానిక్‌గా చేసిన రోజుల నుంచీ ఉన్న అలవాటు అది.

"ఇగ ఈ ఇంట్ల పొగ లేదు బిడ్డా."

"దిష్టి తీసినట్టు పడేశారు మావయ్యగారూ."

"మీ కాకినాడోళ్ళకు అన్నీ దిష్టే" అన్నాడాయన. ముగ్గురూ నవ్వుకున్నారు.

వేణు హైటెక్ సిటీ ఆఫీసు నుంచి, ప్రియాంక తన ఆఫీసు నుంచి వచ్చాక నడక మొదలయ్యేది. హఫీజ్‌పేట్‌లో వాళ్ళ కాలనీ నుంచి రైల్వే స్టేషన్ దాకా. మొక్కజొన్న కంకుల బండి వరకూ హాయిగా సాగేది. అక్కడికొచ్చేసరికి పిక్క పట్టేసేది, తడిబట్టను పిండినట్టు.

"జర ఆగుదాం" అంటూ బాలనర్సయ్య పిట్టగోడ మీద చతికిలబడేవాడు. వేణు షూ లేసు ఊడిందంటూ పక్కనే వంగేవాడు. ప్రియాంక కంకులు కొనేది, ఆఫీసు కబుర్లు చెప్పేది, నవ్వించేది. నొప్పిలో మాత్రం పిసరంత కూడా పంచుకోలేకపోయేది.

"ఏంది బిడ్డా, కంకి చేతిలనే చల్లారుతుంది. తిను."

కాసేపటికి పిక్క సర్దుకునేది. లేచేవారు. కాస్త దూరం పోగానే మళ్ళీ అదే బాధ.

వారాలు గడిచాయి. నడిచే దూరం పెరగాల్సింది పోయి తగ్గింది. ఇప్పుడు కంకుల బండి దాకా కూడా పోలేకపోతున్నారు.

అలా ఎందుకవుతోందో ప్రియాంకకు ఒక ఆదివారం తెలిసింది. ఉతకడానికి తీసిన ఒక చొక్కా గుప్పుమని పొగ వాసన కొట్టింది.

ఆ చొక్కా పట్టుకుని వాషింగ్ మెషిన్ పక్కనే నేల మీద కూలబడింది. ఇంకెన్నిసార్లని బతిమాలడం? తర్వాత లేచి వెళ్ళి, టిఫిన్ తింటున్న ఇద్దరి మధ్యా దాన్ని పెట్టింది.

తండ్రి ఎదుట గట్టిగా మాట్లాడి కూడా ఎరగని వేణు నేల చూపులు చూస్తున్నాడు. బాలనర్సయ్య చొక్కా వాసన చూసి, మెల్లగా మడతపెట్టాడు.

"నా వల్ల కావట్లేదు మావయ్యగారూ" అంది ప్రియాంక. "పొద్దస్తమానం వెనకాలే తిరగలేను కదండీ."

"నువ్వెందుకు తిరుగుడు, ఫికర్ చెయ్యకు" అన్నాడాయన, మడతపెట్టిన చొక్కా మీద చెయ్యి వేసి. "రేపట్నుంచి నేను పొద్దుగాలనే పోయి వేణుగాని ఆఫీసు కింద టీ బండి కాడ కూసుంట, నా ముంగట సిగరెట్టు ముట్టిచ్చే ధైర్యం వానికి ఎన్నడు లేదు, గట్లనన్న వాని కాలు వానికి దక్కుతది."