మెట్ల పైన అలారం

"మేడమీద ఎవరో ఉన్నారు" అన్నాడు బావ, చేతిలో గ్లాసు కింద పెడుతూ.

కాంట్రాక్టరుకి ఆ రోజు కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ కట్టి కట్టి, ఇన్నాళ్ళకి తనకంటూ ఒకటి కట్టుకున్నాడు. కింద సెల్లారు, పైన రెండంతస్తులు. చూపించుకోడానికే అందరినీ భోజనానికి పిలిచాడు.

ఒక్కటే లోటు. భార్య మేడమీద పడుకోదు. పైన అంత చక్కటి గదులుంటే, కూతుర్ని పక్కలో వేసుకుని కింద హాల్లో చాప పరుచుకుంటుంది.

"చిన్నప్పుడు మా ఇల్లు కాలిపోయింది కదండీ. పైన కళ్ళు మూస్తే పొగ వాసనే" అంటుంది.

"వంటింటి గుమ్మం మీద పొగ అలారం పెట్టించాను కదా. ఇంకా ఏం భయం?" అంటాడతను.

పెట్టించిన మాట నిజమే. ఏది వేయించినా అది గోల పెడుతోందని, దాని బ్యాటరీలు పీకి టీవీ రిమోట్‌లో వేసిన మాటా నిజమే.

బావా బావమరుదులిద్దరూ మెట్లెక్కారు.

పడగ్గదుల ముందు, స్టూలు మీద నిలబడి ఒక ముసలాయన కుడిచేత్తో పైకప్పు తడుముతున్నాడు. ఎడమచెయ్యి జేబులో ఉంది. స్టూలు పక్కన గుడ్డసంచీ.

"ఎవరు నువ్వు?"

ముసలాయన మెల్లగా దిగాడు. "చిట్టి రమ్మంది బాబూ. తలుపు తీసే ఉంది. పని కానిచ్చి కనబడదామని..."

"చిట్టి ఎవరు? ఈ ఇంట్లో ఆ పేరుగలవాళ్ళు లేరే."

బావ సంచీ బోర్లించాడు. గుండ్రటి పొగ అలారాలు నేలమీద దొర్లాయి.

"సరుకు అమ్ముకోడానికొచ్చాడు. పనిలో పని, భోజనం కూడా కలిసొస్తుందని" అన్నాడు బావ.

అప్పటికే మెట్ల మీద చేరిన చుట్టాలు నవ్వారు. ఆ నవ్వుతో కాంట్రాక్టరుకి ఇంకాస్త ఊపొచ్చింది.

"జేబులో ఏం దాచావు? చెయ్యి బయటికి తియ్యి."

ముసలాయన తీశాడు.

వేళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మణికట్టు దాకా చర్మం ముడుచుకుపోయింది.

నవ్వులు ఆగిపోయాయి. బావ మొహం తిప్పుకున్నాడు. కాంట్రాక్టరుకి లోపల ఎక్కడో చివుక్కుమంది. కానీ ఇంతమంది ముందు మాట వెనక్కి తీసుకోడానికి నామోషీ అడ్డొచ్చింది.

"సరే, ఇక వెళ్ళండి" అన్నాడు, మీరులోకి మారి.

ముసలాయన దగ్గరికొచ్చి, మిగతావాళ్ళకి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"మెట్ల పైన ఒకటి పెట్టేశాను బాబూ. గదికొకటి పెట్టండి. సెల్లార్లో మెట్ల దగ్గర ఇంకోటి. వంటింటి దాంట్లో బ్యాటరీలు లేవు. దాన్ని పొయ్యికి కాస్త దూరంగా జరిపితే గోల చెయ్యదు."

సంచీ అక్కడే వదిలేసి, గోడ పట్టుకుని దిగి వెళ్ళిపోయాడు.

పెరట్లో వడ్డన దగ్గరున్న భార్య, పైన సందడి విని వచ్చింది. పైకప్పుకి బిగించిన అలారం చూసింది. మొహం విప్పారింది.

"వచ్చారా ఆయన? ఏరీ? పొద్దున చెప్పాను కదా, ఒకాయనొచ్చి అలారాలు పెడతారని. ఇన్నేళ్ళకి అడ్రసు దొరికింది. ఆయన చేత్తో పెడితే ఈ రాత్రి నుంచి పైనే పడుకుంటానని చెప్పానే."

చెప్పింది. కుర్చీల లెక్క చూసుకుంటూ 'సరే సరే' అన్నాడు తను.

కాంట్రాక్టరు చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. ఈ చివరా ఆ చివరా చూశాడు. ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి భార్య నేలమీద కూర్చుని, దొర్లిపోయిన అలారాలు ఒక్కొక్కటే ఏరి సంచీలో పెడుతోంది.

"నేనే పంపేశాను" అన్నాడు. తల ఎత్తలేకపోయాడు. "దొంగని నిలదీసినట్టు నిలదీశాను. ఎవరాయన?"

ఆమె చేతిలో ఉన్న అలారాన్ని సంచీలో పెట్టింది.

"మా ఎదురింటి టైలరండీ. మా మేడమీది నుంచి ఈ చిట్టిని ఎత్తుకొచ్చిన రోజు తర్వాత, మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చోలేదు."